మంచి చేతికి కట్టిన తొడుగు

ఈ మాటలను కుడిచేత్తోనే రాస్తున్నాను. ఒక పేజీ నిండేసరికి మణికట్టు బరువెక్కుతుంది, కలం పక్కన పెట్టి వేళ్లు విప్పుకోవలసి వస్తుంది. అయినా ఇంకొకరి చేత రాయించడానికి మనసు ఒప్పుకోలేదు. జరిగినది మళ్లీ వరుసగా తలచుకుంటే తప్ప అది నాకే జరిగిందన్న నమ్మకం నేటికీ పూర్తిగా కలగడం లేదు. మా ఇంట్లో ఆ రోజు ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఈ రచన చదివిన ఒక్క ఇంట్లోనైనా తెలిసి ఉండాలన్నది రెండో కారణం.

నా పేరు సునీత. మారేడ్‌పల్లిలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. పుట్టింటిలోనూ మెట్టినింటిలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. మల్కాజ్‌గిరిలో మా వారు శ్రీనివాస్‌తో, మా అత్తమ్మ రాజమ్మతో కలిసి ఉంటున్నాను. నలభై ఏళ్లు ఇంకా నిండలేదు. పక్షవాతం ముసలివారికి వచ్చే జబ్బని, అదీ ఎక్కువగా మగవారికి వస్తుందని, చదువుకున్నదాన్నై ఉండి కూడా నేను నమ్మాను.

జనవరి చివరి వారం. ఇంటర్ ప్రయోగ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మొదటి గంటలో రెండో సంవత్సరం పిల్లలకు మూత్రపిండం బొమ్మ గీస్తున్నాను. గీత కిందికి జారింది. పిల్లలు నవ్వారు. సరిచేయబోయాను. ముందు బెంచీలోని అమ్మాయి, “మేడమ్, చాక్‌పీస్ కింద పడ్డది” అంది.

సుద్దముక్క నా చేతిలోనే ఉందని అప్పటిదాకా నేను అనుకుంటున్నాను. చేతిని చూసుకున్నాను. ఖాళీ వేళ్లు బోర్డుకు ఆని ఉన్నాయి. అవి ఎవరివో అన్నంత దూరంగా కనిపించాయి. ‘ఫరవాలేదు, కూర్చోండి’ అనబోతే నోట్లోంచి వచ్చినది మాట కాదు. ముద్దగా ఏదో శబ్దం వచ్చింది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

“మేడమ్, మీ మూతి గిట్లయిందేంది?” అని అదే అమ్మాయి లేచి నిలబడింది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. దానికి సరైన జవాబు మాత్రం మాలో ఎవరూ ఇవ్వలేదు. స్టాఫ్ రూములో పడుకోబెట్టారు. టిఫిన్ తినలేదేమోనని నిమ్మరసం తాగించబోతే సగం చీర మీదికి కారింది. మా వారు వచ్చి ఆటోలో ఇంటికి తీసుకువెళ్లారు. నరం పట్టిందని ఆయన అన్నారు. గాలి సోకిందని అత్తమ్మ నూనె కాచి చేతికి మర్దన చేసింది. పక్కింటావిడ వచ్చి, “పావురం నెత్తురు రుద్దితే లేస్తదంట రాజమ్మక్కా” అని సలహా ఇచ్చింది. పడుకుంటే తగ్గిపోతుందని నేనూ సైగ చేశాను. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది.

ఆసుపత్రికి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. అత్యవసర విభాగంలోని యువ వైద్యుడు నన్ను పరీక్షించి, “ఎప్పుడు మొదలైంది?” అని అడిగాడు.

“పొద్దుగాల, సార్. కాలేజీల” అన్నారు మా వారు.

ఆ వైద్యుడు గోడ గడియారం వైపు చూసి, ఆ తరువాత మా వైపు చూశాడు. ఆయన అనని మాటను మరునాడు ఒక నర్సు చెప్పింది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందట. దాన్ని మొదటి కొన్ని గంటల్లోనే ఇవ్వాలట. ఆ గంటలు మా ఇంట్లో, మంచం మీద, ఆవనూనె వాసనలో అయిపోయాయి. మా వారు ఆ మాట విని వార్డు బయటి బెంచీ మీద కూర్చున్నవారు చాలాసేపు లేవలేదు. ఆ పక్కన కూర్చున్న ఎవరి తాలూకు మనిషో, పేరు కూడా అడగకుండా, తన ఫ్లాస్కులోని టీ సగం ఆయన చేతిలో పెట్టాడట.

మూతి పక్కకు పోయినా, చేయి జారినా, మాట తడబడినా నీళ్లు తాగించకండి, పడుకోబెట్టకండి, నూనె కాచకండి. ఏ వాహనం దొరికితే ఆ వాహనంలో పెద్దాసుపత్రికి వెళ్లండి. ఈ పేజీల్లో ఇంకేదీ గుర్తుండకపోయినా నాకు బాధ లేదు, ఇది గుర్తుంటే చాలు.

ఫిబ్రవరి నెల వార్డులో, ఆ తరువాత ఇంట్లో గడిచింది. మాట మెల్లగా తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూనైనా నడవగలిగాను. కుడిచేయి మాత్రం రాలేదు. వేళ్లు కొద్దిగా కదిలేవి, అంతే. కళాశాల ప్రిన్సిపాల్ మర్యాదగానే ఫోన్ చేశారు: “జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి బోర్డు మీద రాయగలిగితే మీ స్థానం మీదేనమ్మా. అంతకు మించి ఆపలేను.” ఆయనను తప్పుపట్టను. బొమ్మ గీయలేని జంతుశాస్త్రం టీచరును నేనైనా పెట్టుకోను. కానీ ఫోన్ పెట్టేశాక, నా బతుకంతా ఆ ఐదు వేళ్ల మీద నిలబడి ఉందని మొదటిసారి అర్థమైంది.

మా అత్తమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ఆవిడ చదువుకోలేదు. ఆచారం గట్టిగా పాటిస్తుంది. చిన్నప్పుడు మా వారు ఎడమచేత్తో గ్లాసు అందుకుంటే అక్కడికక్కడే చేతి మీద ఒకటి వేసేదట. వార్డులో మొదటిసారి ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఇడ్లీ తినబోయాను. ఆవిడ ముఖం మాడిపోయింది.

“అన్నానికి ఎడమ చెయ్యా? నేను బతికుండంగ?” అని చెంచా లాక్కుంది. చేయి కడుక్కొచ్చి, ఇడ్లీ తుంచి నా నోట్లో పెట్టింది.

పెళ్లయినప్పటి నుంచి నా వంటలో ఉప్పు గురించి తప్ప మరో మాట పెద్దగా మాట్లాడని మనిషి ఆవిడ. ఆ రోజు నుంచి పూటపూటకూ కలిపి, ముద్ద చేసి, చల్లార్చి తినిపించింది. ఒక్క మెతుకు కింద పడనివ్వలేదు. “పెండ్లికొడుక్కి సుత గింత ముద్దుగ పెట్టలే” అని నవ్వేది. కన్నతల్లి చేతి ముద్ద తిని ఎన్నేళ్లయిందో గుర్తులేని నాకు ఆ ముద్దలు కళ్లలో నీళ్లు తెప్పించేవి.

మార్చి మొదట్లో ఆసుపత్రి డాక్టరు ఒక అధ్యయనం గురించి చెప్పారు. పక్షవాతం వచ్చిన చేతిని తిరిగి పనిలో పెట్టడానికి రెండు పద్ధతులను పోల్చి చూస్తున్నారు. ఒక గుంపు వారికి ఎప్పటి వ్యాయామాలే ఉంటాయి. రెండో గుంపు వారికి బాగున్న చేతికి మందపాటి తొడుగు వేస్తారు. మెలకువగా ఉన్న వేళలో ఎక్కువ భాగం అది ఉండాలి. పని ఏదైనా జబ్బు చేతితోనే చేయాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది.

“రెండింటిలో ఏది మంచిది, సార్?” అని అడిగాను.

“తెలియదమ్మా. మనవాళ్లలో, మన ఇళ్లలో ఏది ఎక్కువ పని చేస్తుందో మాకు తెలియదు. తెలిస్తే ఈ అధ్యయనమే అక్కరలేదు.”

పెద్ద చదువులు చదివినవారికి అన్నీ తెలుసుననే నమ్మకం మీదనే నేను ఇంత దూరం వచ్చాను. ‘తెలియదు’ అనే మాట ఒక వైద్యుని నోటి నుంచి అంత నిబ్బరంగా వినడం నా జీవితంలో అదే మొదలు. నాకు అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. నియంత్రణ సమూహం, ప్రయోగ సమూహం అనే రెండు మాటలను నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసి, రెండు మార్కుల ప్రశ్నగా పిల్లల చేత బట్టీ పట్టించాను. ఆ గుంపుల్లో ఉన్నవి కప్పలో, ఎలుకలో అన్నట్టే చెప్పాను. వాటిలో ఒక మనిషి కూర్చుని, తన చేయి ఏమవుతుందోనని వణుకుతూ ఉండవచ్చునని ఒక్కసారి కూడా తోచలేదు.

ఒప్పుకున్నాను. సంతకం చేయమన్నారు. కలం వేళ్ల మధ్య నిలవలేదు. అప్పుడు సిరా మెత్త జరిపి బొటనవేలి ముద్ర వేయమన్నారు. మా నాన్న జీవితమంతా జీతం దగ్గర వేలిముద్ర వేసిన మనిషి. ‘నా బిడ్డ సంతకం పెడ్తది’ అని రేషను దుకాణంలో అందరికీ చెప్పేవాడు. నా బొటనవేలిని ఎవరో పట్టుకుని కాగితానికి అద్దుతుంటే నేను ఆయన వేలినే చూశాను.

కంప్యూటరు నన్ను తొడుగు గుంపులో వేసింది. ఈ వార్త విని అత్తమ్మ ఆసుపత్రి వరండాలోనే నిలబడిపోయింది.

“పడిపోయిన చెయ్యి ఎట్లాగు పాయె. మంచిగున్న చెయ్యి సుత కట్టేస్తరా? ఇదేం వైద్యం సారూ? జెర మా కోడలి పేరు అటు దిక్కు మార్చుండ్రి. దండం పెడ్త.”

“మార్చడానికి నాకే వీల్లేదమ్మా. కావాలంటే ఎప్పుడైనా మానేయవచ్చు. గుంపు మాత్రం మారదు” అన్నారు డాక్టరు.

“గా కంప్యూటర్ ఎవ్వరి మాట ఇనదా?”

“వినదమ్మా.”

ఎంత పెద్ద ఆఫీసులోనైనా ఎవరో ఒకరిని పట్టుకుంటే పని జరుగుతుందని నమ్మే ఇంటివాళ్లం మేము. మా వారు అప్పటికే తాను పనిచేసే దుకాణం యజమానికి తెలిసిన ఒక నాయకుడికి ఫోన్ చేసి ఉన్నారు. ఆ నాయకుడూ ఏమీ చేయలేకపోయాడు. పైరవీ చెల్లని చోటు ఒకటి సికింద్రాబాద్‌లో ఉందని ఆ రోజు తెలిసి మా ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం.

తొడుగు వేసి, పనులు నేర్పించిన ఫిజియోథెరపిస్టు పేరు ప్రిసిల్లా. కాకినాడ వైపు అమ్మాయి. “ఏం కాదండీ మేడమ్‌గారూ, మీ చెయ్యి నిద్రపోయిందంతే, మనం పిలుస్తూ ఉండాలి” అనేది. గ్లాసు ఎత్తడం, తాళం తిప్పడం, బఠానీలు ఏరడం నేర్పింది. ఒక్క బఠానీ గిన్నెలో పడేసరికి చెమట పట్టేది. ఇంటికి వచ్చి తొడుగు వేసుకున్న ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, రెండు చేతులూ లేనిదాన్నయ్యానన్న భయం ముంచుకొచ్చేది.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ కంచంతో వచ్చేది. “తొడుగు ఇప్పొద్దన్నరు. అన్నం పెట్టొద్దనలే గద” అనేది. నోరు తెరిచేదాన్ని. ఆకలి, భయం, ఆ ముద్దలోని ప్రేమ, ఈ మూడూ ఒక్కసారి ముందుకు వచ్చినప్పుడు నియమాలు గుర్తుకు రావు.

ఏప్రిల్‌లో మధ్యంతర పరీక్ష. దానికి ముందు ప్రిసిల్లా మమ్మల్ని కూర్చోబెట్టి ఒక సంగతి గట్టిగా చెప్పింది. చేతిని పరీక్షించే అమ్మాయి వేరు. నేను ఏ గుంపులో ఉన్నానో ఆమెకు తెలియకూడదు. తెలిస్తే ఆమె కన్ను తనకు తెలియకుండానే ఒక పక్కకు మొగ్గుతుంది. తొడుగు తీసి ప్రిసిల్లా తన సంచిలో పెట్టుకుంది. “లోపల దాని ఊసు ఎత్తకండి, సరేనా అమ్మగారూ?” అంది. అత్తమ్మ తల ఊపింది.

లోపలికి వెళ్లాం. పరీక్షించే అమ్మాయి చిన్నది, మర్యాద తెలిసినది. పెద్దావిడను చూసి ఊరికే, “బాగున్నారా అమ్మా?” అని అడిగింది.

పలకరిస్తే పలకకుండా ఉండటం మా ఇళ్లలో ఎవరికి వచ్చు?

“ఏం బాగు బిడ్డా! మంచి చెయ్యికి మొత్తం దినం సంచి లెక్క తొడిగిస్తిరి. పాపం, అదెట్ల తింటది? నేనే తినిపిస్తున్న, మూడు పూటల. ఒక్క మెతుకు కింద పడనియ్యలే. చూడు, ఒళ్లెట్ల చేసిందో!”

ఆ అమ్మాయి చేతిలోని కలం ఆగిపోయింది. కాగితాలు మూసి, లేచి, గది బయటికి వెళ్లిపోయింది.

“ఏందే, నేనేమన్నని?” అని అత్తమ్మ నా వైపు తిరిగింది. “మంచిగనే మాట్లాడిన గద?”

ప్రిసిల్లా వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. అత్తమ్మ పక్కన కూర్చుంది. ఇక మీదట నన్ను వేరే అమ్మాయి పరీక్షిస్తుందని, జరిగినది ఉన్నదున్నట్టు రాసుకుంటారని, నన్ను తీసివేయరని చెప్పింది. తరువాత, అత్తమ్మ కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

“దాని సంగతి మేం చూసుకుంటామండీ. నన్ను భయపెట్టింది రెండో మాట. అమ్మగారూ, మీరు ముద్ద పెట్టినప్పుడల్లా మేడమ్‌గారి చెయ్యి ఏమనుకుంటుందో తెలుసా? ‘నాతో పని లేదులే’ అనుకుంటుంది. రోజూ మూడుసార్లు అనుకుంటుంది.”

అత్తమ్మ తన చేతిని చూసుకుని, “అంటే నా చేతి ముద్దనే దానికి విషమయ్యిందా?” అంది.

అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. కాదని చెప్పాలనుకున్నాను. నాకు ప్రాణం పోసినది ఆ ముద్దలేనని చెప్పాలనుకున్నాను. ప్రిసిల్లా చెప్పినదీ నిజమే. ఒకే ముద్ద రెండూ అయి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చాక, అన్నం వేళకు అత్తమ్మ కంచం తెచ్చి నా ముందు పెట్టింది. ముద్దపప్పు వేసిన మెత్తటి అన్నం. కలపలేదు. నాకు వీపు తిప్పి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చుంది.

“చూస్తే నా చెయ్యి ఆగదు. నువ్వు తిను” అంది.

కుడిచేయి కంచందాకా వెళ్లింది. వేళ్లు అన్నంలోకి దిగాయి కానీ మూసుకోలేదు. మూసుకున్నప్పుడు లేవలేదు. లేచినప్పుడు దారిలోనే తెరుచుకున్నాయి. అన్నం చీర మీద, చాప మీద, గడప వరకూ పడింది. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తీసే ఇల్లు మాది. చప్పుడు వినిపించినప్పుడల్లా అత్తమ్మ భుజాలు ఒక్కసారి కదిలేవి. తిరగలేదు.

“పడుతున్నదా?” అంది గోడ వైపు చూస్తూనే.

“పడుతోంది అత్తమ్మా.”

“పడనియ్యి. బియ్యం మనయే.”

ఆ పూట నోటి వరకూ చేరినవి గడ్డానికి అంటుకున్న నాలుగు మెతుకులే. ఏడ్చాను. అత్తమ్మ కూడా ఏడ్చి ఉంటుంది, ముఖం నాకు కనిపించలేదు. ఎండాకాలమంతా మా ఇంట్లో ప్రతి పూటా అలాగే సాగింది. కంచం ముందు నేను, గోడ ముందు ఆవిడ. చూడవచ్చిన చుట్టాలు అత్తాకోడళ్లు కొట్లాడుకున్నారనుకుని, మా వారిని పక్కకు పిలిచి మందలించి వెళ్లేవారు. నేను తిన్న తరువాత కింద పడినదంతా ఆవిడే ఏరి పిచ్చుకలకు వేసేది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఏరబోయి, చాప మీద చూసి, “ఇయ్యాల పిట్టలకేం మిగల్చలే” అంది. అంతకు మించి పొగడ్త ఆవిడ నోట నేను వినలేదు.

జూన్‌లో, కళాశాల తెరవబోయే వారం, ఆఖరి పరీక్ష జరిగింది. కొత్త అమ్మాయి వచ్చింది. ఈమె కూడా పాపం మర్యాదస్తురాలే. “నమస్తే అమ్మా, బాగున్నారా?” అని అత్తమ్మను పలకరించింది.

అత్తమ్మ కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది, నిలువుగా ఊపింది, మళ్లీ అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి కంగారుపడి, “పంటి నొప్పా?” అని నన్ను అడిగింది. గుమ్మం బయట ప్రిసిల్లా నోటికి చేయి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

గ్లాసు ఎత్తాను. తాళం తిప్పాను. బఠానీలు ఏరాను. కొన్ని జారిపోయాయి, ఎక్కువ జారలేదు. నా చేయి నా కళ్ల ముందు పని చేస్తుంటే, అది పోయిన రోజున ఎంత నిర్ఘాంతపోయానో ఇప్పుడూ అంతే నిర్ఘాంతపోయాను. తొడుగు వల్ల వచ్చిందో, గోడ వైపు తిరిగిన ఆ వీపు వల్ల వచ్చిందో, కాలం గడిచి తనంతట తానే వచ్చిందో నేను చెప్పలేను. డాక్టరును అడిగితే, అందరి ఫలితాలూ వచ్చేదాకా తనకూ తెలియదన్నారు. ఈసారి ఆ మాట నన్ను భయపెట్టలేదు. నాకు నయమైనంత మాత్రాన ఇంకొకరికి ఇదే చేయమని నేను చెప్పకూడదు. నా చేయి ఒక్కటే. ఆ లెక్క తేలడానికి చాలా చేతులు కావాలి.

వెళ్లేముందు, పరీక్షకు వచ్చినట్టు ఒక కాగితం మీద గుర్తు పెట్టాలి. పాత కాగితం చూసి ఆ అమ్మాయి సిరా మెత్త నా ముందుకు జరిపింది. దాన్ని మెల్లగా వెనక్కి నెట్టి కలం అడిగాను.

మొదటి అక్షరం గీత దాటిపోయింది. రెండోది కిందికి జారింది. జారుతుందేమో, వేళ్లు ఖాళీ అవుతాయేమో అని వాటినే చూస్తున్నాను. కలం వాటి మధ్యనే ఉంది. మూడోది పూర్తయ్యేసరికి చెమట పట్టింది. అంత వంకర రాత నా చేతి నుంచి పలక పట్టిన రోజుల్లో కూడా వచ్చి ఉండదు.

ఆ అమ్మాయి కాగితాలు తీసుకుని గది దాటేదాకా అత్తమ్మ ఆగింది. అప్పుడు కొంగు నోట్లోంచి తీసి, గుమ్మంలో ఉన్న ప్రిసిల్లా వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

“గా రాసింది నీ పేరేనా?”

“నా పేరే, అత్తమ్మా” అన్నాను.